సీలేరు దారికి బండి సిద్ధం చేసుకోవడం

విశాఖ నుంచి నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, సీలేరు మీదుగా చింతూరు వెళ్లే దారిలో ముందు చూసుకోవాల్సింది పెట్రోలు. నర్సీపట్నంలోనే ట్యాంకు నింపేయండి. మైదానంలో లీటరుకు 45 ఇచ్చే బండి ఘాట్‌లో 35 ఇస్తే గొప్పే. నీళ్ల సీసాలో పెట్రోలు మోసుకెళ్లే అలవాటుంటే మానేయండి. ఎండకు ఆవిరి ఉబ్బి మూత దగ్గర కారుతుంది.

ఎక్కడం కన్నా దిగడమే కష్టం. బ్రేకు అదేపనిగా పట్టుకుంటే ప్యాడ్లు కాలి, లివరు నొక్కినా బండి ఆగదు. రెండో గేరులో ఇంజనే పట్టి ఉంచాలి, బ్రేకు మలుపుకు ముందు కొట్టి వదిలేయాలి. న్యూట్రల్‌లో జారనివ్వడం ఆదా కాదు, పిచ్చితనం.

ట్యూబ్‌లెస్ టైరుకు 5 స్ట్రిప్‌లు (పంక్చరు బెజ్జంలో దూర్చే జిగురు రబ్బరు ముక్కలు), వాటిని దూర్చే సూది, చిన్న పంపు చాలు. మేకు దిగినా గాలి మెల్లగా పోతుంటే దాన్ని పీకొద్దు, గాలి కొట్టుకుంటూ ఊరు చేరండి. పీకితే బెజ్జం తెరుచుకుంటుంది.

డిసెంబరు, జనవరుల్లో లంబసింగి దగ్గర తెల్లారి పొగమంచు. హైబీమ్ వేస్తే తెల్లగోడే కనిపిస్తుంది, లోబీమ్ వేసుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ వద్దు. మ్యాపు ఇంట్లోనే దించుకోండి.