బరంపురంలో ఫోటాన్ లెక్కలు: థోరియం దాకా

ఎక్స్-రే, గామా కిరణాల ఫోటాన్లని ఏ పదార్థం ఎంత అడ్డుకుంటుందో లెక్కకట్టే నా ప్రోగ్రామ్ ఇప్పుడు థోరియం అనే రేడియోధార్మిక లోహం దాకా వచ్చింది. బరంపురంలో కూర్చుని ఈ లెక్కలు చేస్తూ దాన్ని వదిలేయడం కుదరదు. పక్కనే ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మనైట్ (టైటానియం ఖనిజం)తో పాటు మోనజైట్ అనే ఖనిజం దొరుకుతుంది, థోరియం ఉండేది అందులోనే. "ఇసుక తెచ్చి కొలుస్తావేటి?" అన్నాడు మా బావ. అది ప్రభుత్వ నియంత్రణలో ఉన్న పదార్థం బావా, నాకు ల్యాప్‌టాప్ చాలు అన్నాను.

కాంప్టన్ భాగం, అంటే ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని గుద్ది కొంత శక్తి పోగొట్టుకుని పక్కకు మళ్ళడం, తేలికే. దాని అవకాశం ఎంతో చెప్పే క్లైన్-నిషీనా సూత్రం పైథాన్‌లో నాలుగైదు లైన్లు. సీజియం-137 ఇచ్చే 662 కెఇవి (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఫోటాన్ శక్తి కొలత) దగ్గర ఒక్కో ఎలక్ట్రానుకు 0.256 బార్న్ (గుద్దుకునే అవకాశాన్ని చెప్పే అతి చిన్న వైశాల్యపు కొలత) వచ్చింది. అల్యూమినియంకి దాన్ని ఎలక్ట్రాన్ల సంఖ్య 13తో గుణించి, అవగాడ్రో సంఖ్య నుంచి వచ్చే 0.6022తో గుణించి, పరమాణు భారం 26.98తో భాగిస్తే గ్రాముకు 0.0743 చదరపు సెంటీమీటర్లు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ పట్టికలో అన్ని ప్రక్రియలూ కలిపి మొత్తం సుమారు 0.0746. ఆ మిగిలిన కాస్తా ఎక్కువగా రేలీ పరిక్షేపణం, అంటే ఫోటాన్ శక్తి పోగొట్టుకోకుండా దారి మళ్ళడం.

1 కెఇవి కింద మాత్రం ఈ సూత్రాన్ని నేరుగా వాడకండి. దాదాపు సమానమైన పెద్ద సంఖ్యల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది కాబట్టి దశాంశాలు చెడిపోతాయి. అక్కడ థామ్సన్ విలువ (శక్తి బాగా తక్కువైనప్పుడు ఈ సూత్రం చేరుకునే విలువ) 0.665 బార్న్‌ని (1 − 2α + 5.2α²)తో గుణిస్తే చాలు. α అంటే ఫోటాన్ శక్తిని 511 కెఇవితో భాగించినది. అయినా అంత తక్కువ శక్తిలో ఎలక్ట్రాన్లు పరమాణువుకు అంటిపెట్టుకుని ఉంటాయి, అసలు విలువకు పట్టికే దిక్కు.

ఎక్కువ టైమ్ తిన్నది ఫోటోఎలక్ట్రిక్, అంటే పరమాణువు ఫోటాన్‌ని పూర్తిగా మింగి ఎలక్ట్రాన్‌ని బయటికి తోసేయడం. పట్టికలోని రెండు విలువల మధ్య లాగరిథమ్ వేసి లెక్కకట్టాలి, కానీ అంచు దాటి కాదు. అంచు అంటే లోపలి పొరలోని ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడానికి సరిపోయే శక్తి; అన్నిటికన్నా లోపలి పొరది కె-అంచు. సీసం కె-అంచు 88 కెఇవి. దానికి ఈవల మొత్తం 1.91, ఆవల 7.68. నిలువు గోడ! అందుకే పట్టికలో అంచు శక్తి రెండుసార్లు ఉంటుంది. డూప్లికేట్లు తీసేసే అలవాటున్న వాళ్ళు ఇక్కడ చెయ్యి ఆపుకోవాలి. శక్తి రిపీట్ అయిన ప్రతిచోటా జాబితాను ముక్కలు చేసి, ఏ ముక్కను ఆ ముక్కలోనే లెక్కించేలా రాశాను. థోరియం అంచు 109.65 కెఇవి దగ్గర సరిగ్గా లేచింది.

మిశ్రమాలకు బరువు వాటాలే ఆధారం. మోనజైట్‌ని ప్రస్తుతానికి సీరియం ఫాస్ఫేట్‌గా తీసుకున్నాను: సీరియం 59.6, భాస్వరం 13.2, ఆక్సిజన్ 27.2 శాతం. దీనికి థోరియం కలపాలి.

తర్వాతిది థోరియం క్షయ శ్రేణిలో వచ్చే థాలియం-208 గామా గీత, 2.614 ఎంఇవి (ఒక ఎంఇవి అంటే వెయ్యి కెఇవి). జంట ఉత్పత్తి, అంటే ఫోటాన్ ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారడం, కేంద్రక క్షేత్రంలో 1.022 దగ్గర, ఎలక్ట్రాన్ క్షేత్రంలో 2.044 దగ్గర మొదలవుతుంది. ఈ గీత రెండూ దాటింది కాబట్టి పట్టికలో ఈ రెండింటి కాలమ్‌లూ కూడాలి.