ఆ కాగితం మీద ఉన్న పేరు

మంగళవారం ఒక పేషెంటు నన్ను మందలించారు. కేకలు వేసి కాదు. కేకలు వేయడానికి ఆయనకు స్వరపేటిక లేదు.

అమెరికాలో ఒక ఆస్పత్రిలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. చదివింది బీడీఎస్. ఇక్కడికొచ్చాక ఈ పనిలో చేరి ఆరేళ్ళయింది. స్వరపేటిక క్యాన్సర్ ట్రయల్‌లో ఉన్నవాళ్ళు ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు వాళ్ళతో కూర్చుని ప్రశ్నావళి నింపించడం నా పనుల్లో ఒకటి. 35 ప్రశ్నలు. గడిచిన వారంలో మింగడానికి ఇబ్బంది పడ్డారా, గొంతు బొంగురు పోయిందా, ఇంట్లోవాళ్ళ ముందు తినడానికి ఇబ్బందిగా ఉందా, ఇలా సాగుతాయి. చాలావాటికి జవాబు నాలుగు గడుల్లో ఒకటి: అస్సలు లేదు, కొద్దిగా, కాస్త ఎక్కువ, చాలా ఎక్కువ.

ఆయనకు డెబ్భై దాటాయి. మొదట రేడియేషన్, కీమో కలిపి ఇచ్చారు. ఏడాదిన్నరకు జబ్బు తిరగబెట్టింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింది భాగంలో ఉన్న రంధ్రంతో ఊపిరి పీలుస్తారు. చిన్న యంత్రాన్ని మెడకు ఆనించి, దాని అదురును పెదవులతో, నాలుకతో మాటలుగా మలుచుకుంటారు. ఎలక్ట్రోలారింక్స్ అంటారు దాన్ని. ఒక్కో వాక్యానికి టైము పడుతుంది. నేను ప్రశ్న చదివేసరికి పక్కనున్న భార్య జవాబు చెప్పేస్తున్నారు. నేను రాసుకుంటూ పోతున్నాను. పధ్నాలుగు ప్రశ్నలు అలాగే గడిచాయి. పదిహేనో దానికి ఆయన యంత్రం ఎత్తి మెడకు ఆనించారు.

"ఆ కాగితం మీద ఉన్న పేరు ఎవరిది?"

ఆ యంత్రం గొంతులో హెచ్చుతగ్గులు ఉండవు. కోపం వచ్చినా, మంచినీళ్ళు అడిగినా ఒకేలా వినిపిస్తుంది. ఆయనకు కోపం వచ్చిందని కళ్ళను చూస్తే తెలిసింది.

సారీ చెప్పాను. కానీ లోపల మాత్రం ఒప్పుకోలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. మనవైపు పేషెంటు ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్తాడా? పక్కన ఎవరో ఒకరు ఉంటారు. రాత్రి ఎన్నిసార్లు దగ్గాడో వాళ్ళే చెబుతారు, మందు వేసుకున్నానని అబద్ధం చెబితే వాళ్ళే పట్టిస్తారు. అది పేషెంటు నోరు నొక్కడం కాదు, ఆయన బరువు పంచుకోవడం. మాట్లాడితే ఆయాసపడే మనిషిని మాట్లాడించకుండా ఉండటం మర్యాద అనుకునే నేను భార్య వైపు తిరిగాను. ఆ మర్యాద ఇక్కడ తప్పెలా అయింది?

రెండు రోజులు ఈ వాదన నన్ను కాపాడింది. తర్వాత పాత పరిశోధనలు గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. రోజూ చదివేవే, ఎప్పుడూ ఈ కోణంలో తట్టలేదు.

1981లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ముదిరిన స్వరపేటిక క్యాన్సర్‌కు ఆపరేషన్ చేస్తే ఎక్కువ కాలం బతికే అవకాశం, కానీ సహజమైన గొంతు పోతుంది. రేడియేషన్ ఇస్తే గొంతు దక్కుతుంది, బతికే అవకాశం తగ్గుతుంది. మీరైతే ఏది ఎంచుకుంటారు అని 37 మందిని అడిగారు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు గొంతు కోసం ఆయుష్షు కొంత వదులుకుంటామన్నారు. రోగి ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా చెప్పిన పని అది, నాకు దాని మీద చాలా గౌరవం. అయితే ఆ 37 మంది ఎవరు? ఫైర్‌మెన్, కంపెనీల మేనేజర్లు. అందరూ ఆరోగ్యవంతులే. జబ్బు లేనివాళ్ళు జబ్బు ఉన్నవాళ్ళ తరఫున ఊహించి చెప్పిన జవాబులు అవి. మంగళవారం నా ఫారంలో జరిగిందీ అదేగా!

గొంతు దక్కించాలన్న తపన లోంచే ఆ తర్వాతి పెద్ద ట్రయల్స్ పుట్టాయి. 1991లో మాజీ సైనికుల ఆస్పత్రులు కలిసి చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మూడో, నాలుగో దశలో ఉన్న 332 మందిలో సగం మందికి ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చారు, మిగతా సగానికి ముందు కీమో ఇచ్చి, గడ్డ లొంగితే రేడియేషన్ ఇచ్చారు. రెండేళ్ళకు బతికున్నవాళ్ళు రెండు వైపులా 68 శాతమే. కీమో వైపు 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది. అప్పటిదాకా ముదిరిన జబ్బంటే కత్తే గతి అనుకున్న వైద్యం దిశ మార్చుకుంది. 2003లో ఇంకో ట్రయల్: కీమో, రేడియేషన్ ఒకేసారి ఇస్తే రెండేళ్ళకు 88 శాతం మందిలో స్వరపేటిక మిగిలింది. ముందు కీమో, తర్వాత రేడియేషన్ అయితే 75, ఒట్టి రేడియేషన్ అయితే 70. నా పేషెంటుకు మొదట ఇచ్చింది ఆ 88 శాతం దారే.

పదేళ్ళ లెక్కలు 2013లో వచ్చాయి. స్వరపేటిక దక్కించడంలో ఆ దారే ముందుంది. కానీ క్యాన్సర్‌తో సంబంధం లేదని రాసుకున్న చావులు ఆ వైపే ఎక్కువ: 30.8 శాతం. ముందు కీమో ఇచ్చిన వైపు 20.8. మింగడం దెబ్బతిని, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారే లాంటి ఆలస్యపు దుష్ప్రభావాలు అందులో దాగున్నాయేమోనని ఈ రంగంలో చాలామందికి అనుమానం. అవయవం మిగలడం వేరు, అది పనిచేయడం వేరు. 2009లోనే నిపుణులు కూర్చుని లెక్క పద్ధతి మార్చాలన్నారు: రెండేళ్ళు దాటాక కూడా ఊపిరి కోసం మెడలో గొట్టమో, తిండి కోసం గొట్టమో ఉంటే దాన్ని విఫలమైనట్టే లెక్కించాలి. ఆ మాట చదివినప్పుడల్లా ఎవరో పేషెంటు పక్కన ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళు రాశారనిపిస్తుంది.

ఎందరికి స్వరపేటిక మిగిలిందో చూపే మా గ్రాఫ్‌లో నా పేషెంటు ఒక మెట్టు. స్వరపేటిక పోయిన రోజున గీత కిందికి దిగిన చోట ఆయన ఉన్నారు. గీతకు ఆయన నష్టం. ఆయన మాత్రం బతికిన మనిషి.

శుక్రవారం ఫోన్ చేసి, వీలైతే మళ్ళీ రమ్మని అడిగాను. మా డేటా మేనేజర్ కూడా అదే చెప్పింది: పేషెంటు సొంత నోట వచ్చిన జవాబు కాకపోతే అది ఈ ఫారంలో జవాబే కాదు, ప్రోటోకాల్ తప్పినట్టు రాయాల్సి వస్తుంది. భార్య కూడా వచ్చారు, వెయిటింగ్ హాల్లో కూర్చున్నారు. ఆయనా నేనూ మాత్రమే. యాభై నిమిషాలు పట్టింది. వాక్యం మధ్యలో ఆగితే పూరించకుండా ఉండటానికి నేను పెన్ను కింద పెట్టేశాను.

మాట్లాడటంలో ఇబ్బంది గురించి అడిగితే భార్య "చాలా ఎక్కువ" అన్న చోట ఆయన "కొద్దిగా" అన్నారు. ఫోన్‌లో మాట్లాడటానికి మాత్రం "చాలా ఎక్కువ". అవతలివాళ్ళు మెషీన్ కాల్ అనుకుని పెట్టేస్తున్నారట. నా యాస అర్థం కాక పెట్టేసినవాళ్ళు నాకూ ఉన్నారు. ఆ మాట ఆయనతో అనలేదు, రెండూ ఒకటి కావు. వాసన తెలియడంలో ఇబ్బంది ఉందా అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగారు. ముక్కులోంచి గాలి పోదు కాబట్టి ఆయనకు వాసనలు దాదాపు తెలియవు. భార్య ఆ ప్రశ్నకు "అస్సలు లేదు" అని చెప్పారు, నేను టిక్ పెట్టాను. ఆయన అన్నారు: "మనవరాలి తల వాసన తెలియడం లేదు." చాలా ఎక్కువ.

ఆ మాజీ సైనికుల ట్రయల్‌లో బతికున్నవాళ్ళను ఏళ్ళ తర్వాత కలిసి 1998లో ఒక పేపరు రాశారు. స్వరపేటిక దక్కినవాళ్ళ జీవితం మెరుగ్గా ఉన్న మాట నిజమే. కానీ ఆ తేడాకు మాటకన్నా నొప్పి తక్కువగా ఉండటం, మనసు కుదుటపడి ఉండటం ఎక్కువ కారణాలుగా కనిపించాయి. అడిగితేనే తెలిసే సంగతి అది.

బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నేను తప్పు చెప్పానా?" అని అడిగారు. తప్పు కాదన్నాను. రాత్రుళ్ళు ఆ రంధ్రంలో కళ్ళె ఎండిపోయి ఊపిరి ఆడనప్పుడు లేచి శుభ్రం చేసేది ఆవిడే. ఆయన మాట్లాడటానికి పడే పాట్లు ఆవిడకు "చాలా ఎక్కువ"గానే కనిపిస్తాయి. మా ట్రయల్‌లో ఆవిడ కోసం ఫారం లేదు. మనవైపైతే అసలు ముందు ఆవిడనే అడిగేవాళ్ళం కదా అన్న ఉక్రోషం నాకింకా పోలేదు.

సాయంత్రం పాత ఫారం సరిచేశాను. ఈ పనిలో తప్పును చెరపకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి. కింద ఉన్న జవాబు చదవగలిగేలా ఉండాలి. పధ్నాలుగు గీతలు కొట్టాను. వాటి కింద ఆవిడ చెప్పినవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.