బొమ్మకి కూర్చున్నావిడ

డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్ దగ్గర నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఐర్లండ్ ఉంది. అక్కడి సొంత సేకరణ చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. నేను ఆ ఊళ్ళో ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో కేర్ అసిస్టెంట్‌ని. రాత్రి డ్యూటీ దిగాక ఒక్కోసారి ఎంతకీ నిద్ర పట్టదు. అలాంటి రోజుల్లో డబ్బు ఖర్చు లేకుండా, వెచ్చగా, ఎవరూ పలకరించకుండా కూర్చోగలిగే చోటు అదొకటే.

ఆ సేకరణలోనే ఒక పాత ఆయిల్ పెయింటింగ్ ఉంది. 1787లో వేసింది. ఒక భారతీయ స్త్రీ నేల మీద కూర్చుని ఉంటుంది. సన్నటి బట్ట, ఒంటినిండా నగలు. ముఖంలో మాత్రం ఆ నగల తాలూకు సంబరం కనపడదు. అందరూ కుర్చీల్లో కూర్చునే దేశంలో, నేల మీద కూర్చున్న మన మనిషిని చూసేసరికి గొంతులో ఏదో అడ్డుపడింది. చిత్రకారుడి పేరు థామస్ హికీ, అందులో సందేహం లేదు. ఆవిడ పేరు దగ్గరికి వచ్చేసరికి 'బహుశా జమ్దానీ' అంటారు.

హికీ డబ్లిన్‌వాడే. 1741లో పుట్టాడు. తండ్రికి కేపెల్ స్ట్రీట్‌లో మిఠాయి వ్యాపారం. ఇప్పుడు ఆ వీధిలో ఎటు చూసినా ఆసియా దేశాల హోటళ్ళూ, సరుకుల కొట్లే. కరివేపాకు కోసం నేనూ అటే వెళ్తాను. అతను ఇటలీలో బొమ్మలు నేర్చుకున్నాడు. లండన్‌లో, బాత్ అనే ఇంగ్లండు ఊళ్ళో వేశాడు. ఆ తర్వాత 1780లో ఇండియాకి ఓడెక్కాడు. దారిలో ఫ్రెంచి, స్పానిష్ నౌకలు ఆ ఓడని పట్టుకున్నాయి. కొన్నేళ్ళు లిస్బన్‌లో బొమ్మలు వేసుకుని బతికి, 1784కి గాని కలకత్తా చేరలేకపోయాడు. మధ్యలో చైనా వెళ్ళిన బ్రిటిష్ రాయబార బృందంలో చిత్రకారుడిగా చేరాడు. 1798లో మళ్ళీ మన దేశానికొచ్చి మద్రాసులో స్థిరపడ్డాడు. ఈస్టిండియా కంపెనీలో ఆస్థాన చిత్రకారుడి లాంటి ఉద్యోగం కావాలని అర్జీ పెట్టుకుంటే ఇవ్వలేదు. 1824లో మద్రాసులోనే పోయాడు. పొట్టకూటికి ఊళ్ళు పట్టుకు తిరిగినవాడని తెలిశాక అతని మీద నాకు గౌరవం పెరిగింది. ఆవిడ ముఖం అంత శ్రద్ధగా వేసినవాణ్ణి తేలిగ్గా తీసిపారేయలేను కూడా.

జమ్దానీ కలకత్తాలో విలియం హికీ అనే లాయరుతో కలిసి ఉండేది. ఇంటిపేరు ఒకటేగాని ఆ ఇద్దరు హికీలూ చుట్టాలు కారు. ఆమె పరదా చాటున ఉండకుండా అతని స్నేహితుల మధ్యకి వచ్చి సరదాగా కబుర్లు చెప్పేదని విలియం తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1796లో కాన్పులో పోయింది. ఈ కాస్తయినా మనకి తెలిసింది అతను రాసుకోబట్టే. ఆవిడ తన గురించి తాను చెప్పుకున్న మాట ఒక్కటీ లేదు.

ఫోన్‌లో తీసిన ఆ బొమ్మని సఖినేటిపల్లిలో ఉన్న పిన్నికి పంపాను. ఖద్దామా వీసా, అంటే ఇంటిపనివాళ్ళకిచ్చే వీసా మీద కువైట్ వెళ్ళి, చాలా ఏళ్ళు ఒక ఇంట్లో వండి, పిల్లల్ని పెంచి వచ్చింది పిన్ని. మా కోనసీమలో అలా వెళ్ళినవాళ్ళు వీధికొకరు ఉంటారు. వీడియో కాల్‌లో బొమ్మని పెద్దది చేసుకుని చూస్తూ అడిగింది.

"నగలు ఆవిడవేనంటావా?"

"ఏమో పిన్నీ."

"ఎన్నాళ్ళు కూర్చోబెట్టారే అలాగ?"

ఆయిల్ రంగులతో మనిషి బొమ్మ వెయ్యాలంటే మామూలుగా ఒక పూటలో అవదని, ఒక పొర ఆరితేగాని ఇంకో పొర వెయ్యరని, కూర్చునే మనిషి మళ్ళీ మళ్ళీ వచ్చి అదే చోట అలాగే కూర్చోవాలని చెప్పాను.

"మరి అదీ పనేగా. ఆవిడకేమన్నా ఇచ్చారా?"

గ్యాలరీలో అంతసేపు నిలబడి చూసినా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. చెయ్యి నొప్పెట్టినా పిల్లాణ్ణి దించకుండా గంటలు గంటలు నిలబడ్డ మనిషికే అది తడుతుంది. కువైట్‌లో పిన్ని దిగిన ఫొటోలు ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. పుట్టినరోజుల్లో, పండగల్లో, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని ఒక పక్కన నిలబడి ఉంటుంది. ఆ ఆల్బమ్ ఇంకో ఇరవై ఏళ్ళకి ఎవరైనా తెరిస్తే, ఈవిడెవరని అడిగితే, చెప్పేవాళ్ళు ఉండాలిగా.

అదే హికీ 75 ఏళ్ళ వయసులో, 1816లో వేసిన ఇంకో బొమ్మ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మన ఊళ్ళ కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు రాయించిన కల్నల్ కోలిన్ మెకంజీ ఎర్రకోటు వేసుకుని మధ్యలో నిలబడి ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. ఒకరి చేతిలో తాటాకు ప్రతి, ఇంకొకరి చేతిలో దుర్భిణి. ఆ ముగ్గురిలో కావలి లక్ష్మయ్య ఉన్నారని చరిత్రకారుల అంచనా. కావలి సోదరులది మా ఏలూరు. అన్న బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోతే లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నారు. ఊరూరా తిరిగి శాసనాలూ స్థానిక చరిత్రలూ పోగుచేసిన పనిలో ఆ అన్నదమ్ముల కష్టం ఎంతుందో లెక్కకట్టలేం. 1821లో మెకంజీ పోయాక, ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే ప్రభుత్వం అప్పగించలేదు. ఇది చదివిన రోజు నాకు డ్యూటీలో మనసు నిలవలేదు. పెద్దదొర ఎవరో అందరికీ తెలుసు, పక్కన తాటాకులు పట్టుకున్నది ఎవరో ఇప్పటికీ ఊహించుకోవాల్సి వస్తోంది.

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నరసాపురంలో మాధవాయపాలెం రేవు దగ్గర పంటు ఎక్కి పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీవాళ్ళు కోఠీ పెట్టుకుని మన నేతబట్టలు ఓడలకెక్కించిన చోటు అది. ఇప్పుడు ఆ రేవు దాటి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళ సూట్‌కేసులు నేను ఎన్ని చూశానో. పిన్నిని బొమ్మ వేయించుకోవడానికి ఒప్పించడం చాలా కష్టమైంది. "పోయినవాళ్ళకే వేయిస్తారే బొమ్మలు" అని ఒకటే గోల. చివరికి పాలకొల్లులో పాత ఆర్టిస్టు ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఫ్లెక్సీలు వచ్చాక సైన్‌బోర్డుల పని పోయిందిట, ఇప్పుడు ఫొటో చూసి పెద్ద బొమ్మలు గీసిస్తున్నారు.

"ఫొటో ఇచ్చి వెళ్ళండమ్మా, చాలు" అన్నారాయన.

"కాదండి, కూర్చుంటానండి" అంది పిన్ని. పట్టుచీర కట్టుకోమంటే వద్దంది. నేల మీద కాదు, కుర్చీలో కూర్చుంటానంది. కువైట్‌లో ఆ ఇంట్లో సోఫాలో తనని ఒక్కసారీ కూర్చోనివ్వలేదట. అది అక్కడే, ఆయన ముందే చెప్పింది, నాకూ అదే మొదటిసారి వినడం. కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఊరు, కువైట్‌లో ఎన్నేళ్ళు ఏం పని చేసిందో తెలుగులో రాయమంది. ఆ పేరు ఇక్కడ రాయొద్దని నాకు గట్టిగా చెప్పింది. తన గోడ మీద, తన మనవలకి కనపడితే చాలట.

నూనె రంగు నీళ్ళ రంగులా ఆవిరై ఆరదనీ, గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుందనీ, మన గోదావరి చెమ్మకి ఇంకా ఆలస్యమవుతుందనీ ఆయన ఓపిగ్గా చెప్పారు. వార్నిష్ వెయ్యడానికి కొన్ని నెలలు ఆగాలన్నారు. అడ్వాన్సు ఇవ్వబోతే పిన్ని నా చెయ్యి పక్కకి తోసేసి, తన సంచిలోంచి డబ్బులు తీసి లెక్కపెట్టింది.

"నా బొమ్మకి నీ డబ్బులెందుకే?"