క్లచ్ కేబుల్ తెగిన బీటిల్

ఆదివారం

మధ్యాహ్నం కాసేపు పడుకుందామనుకున్నాను కానీ, స్వీడన్‌లోని బోస్ట్‌నేస్ ఫోటోలు చూస్తూ కూర్చుండిపోయాను. నార్వే సరిహద్దు దగ్గర, వార్మ్‌లాండ్ అడవిలో ఉంటుందది. ఇద్దరు అన్నదమ్ములు పాత కార్లు తెచ్చి, విడిభాగాలు అమ్ముకుంటూ బతికిన చోటు. వాళ్ల పని ఆగిపోయాక కార్లు అక్కడే ఉండిపోయాయి. వెయ్యి దాకా ఉంటాయంటారు. సీట్ల మీద నాచు, బానెట్ ఉండాల్సిన చోట చెట్టు మొదలు, ఒకదాని మీద ఒకటి కూలబడిన పైకప్పులు. చూసినవాళ్లంతా ఎంత అందంగా ఉందో అంటారు. నిజమే, అందంగానే ఉంది. కానీ ఇవాళ నాకు అందం మీదికి మనసు పోలేదు. పొద్దున అలాంటి కారు ఒకదాన్ని చేత్తో ముట్టుకుని వచ్చాను.

నేను నడకకు వెళ్లే దారిలో ఒక ఇంటి ప్రహరీ లోపల, చెట్టు కింద, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంటుంది. గేటు సందులోంచి ఎప్పుడూ గుండ్రటి వెనక భాగమే కనిపించేది. ఇవాళ గేటు తెరిచి ఉంది. ఇంటాయన ఆకులు ఊడుస్తున్నారు. "ఒకసారి కారు చూడొచ్చాండీ?" అనడిగాను. చీపురు పక్కన పెట్టి మరీ దగ్గరికి తీసుకెళ్లారు.

పై నుంచి చూస్తే అంత ఘోరంగా ఏమీ లేదు. లేత నీలం రంగు వెలిసిపోయింది, అద్దాల చుట్టూ రబ్బరు పగిలింది, టైర్లు కూర్చుండిపోయాయి. అసలు సంగతి వెనక సీటు ఎత్తితే తెలిసింది. బీటిల్‌కి బ్యాటరీ ఆ సీటు కిందే ఉంటుంది. బ్యాటరీ ఉన్న చోట ఫ్లోర్ రేకు లేదు. నేల కనిపిస్తోంది, గడ్డి లోపలికి వస్తోంది. యాసిడ్ కొంత, తడి కొంత తినేశాయి. తలుపుల కింద పొడుగునా ఉండే గొట్టపు పెట్టెలను, అంటే ఇంజిన్ నుంచి వేడిగాలిని ముందుకు తెచ్చేవాటిని, వేలితో నొక్కితే రేకు పొరలు పొరలుగా రాలింది. ఈ కారులో అవి కేవలం గాలి గొట్టాలు కావు. బాడీకి బలమే వాటిలో ఉంటుంది. బీటిల్ కొనేవాళ్లు రంగు చూడకుండా ముందు ఈ రెండూ చూసేది అందుకే.

"ఎందుకు ఆపేశారండీ?" అన్నాను.

"మా నాన్నగారి బండి. క్లచ్ కేబుల్ తెగింది. ఎప్పుడైనా తీరిగ్గా చేయిద్దాంలే అనుకుని ఇక్కడ పెట్టాం" అన్నారు.

క్లచ్ కేబుల్! ఒక పూటలో మార్చేసే తీగ. బీటిల్‌లో ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి ఆ తీగ పెడల్ దగ్గర నుంచి కారు మధ్యలో ఉండే గొట్టంలోంచి వెనకదాకా పోతుంది. తెగడం మామూలే. ఇంటికి నడుస్తూ దాని గురించే ఆలోచించాను. నేను దగ్గర్నుంచి చూసిన, నలుగురి నోటా విన్న పాత కార్లలో చాలావాటి కథ ఇలాగే మొదలవుతుంది. ఏ పెద్ద యాక్సిడెంటో జరిగి కాదు, చిన్న రిపేరు వచ్చి ఆగుతాయి. ఆగిన తర్వాత అసలు నష్టం మొదలవుతుంది.

తిరిగే కారుకి ఒక రక్షణ ఉంది. ఇంజిన్ వేడెక్కితే లోపలి తేమ ఆవిరై పోతుంది, నూనె ప్రతి మూలకీ పాకుతుంది, బ్రేకులు వేసినప్పుడల్లా డ్రమ్ముల మీద పట్టిన తుప్పు అరిగిపోతుంది. నిలబడిన కారుకి ఇవేవీ ఉండవు. పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యేదంతా పోయి, మిగిలింది జిగురుగా మారి, ఇంజిన్‌కి పెట్రోల్ అందించే కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రాల్లో గడ్డకడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది, ఆ నీరు బ్రేక్ సిలిండర్ లోపల తుప్పు పట్టించి పిస్టన్లను బిగించేస్తుంది. ఇంజిన్‌లోనేమో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసుకుంటాయి. దీన్నే మెకానిక్‌లు ఇంజిన్ సీజ్ అయిందంటారు. ఎలుకలు సీట్ల దూదితో ఎయిర్ ఫిల్టర్‌లో గూడు కట్టి, వైర్లు కొరికేస్తాయి. రాలిన ఆకులు తలుపుల అడుగున నీళ్లు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలను మూసేస్తాయి. అక్కణ్ణుంచి వాన పడినప్పుడల్లా తలుపు లోపల నీళ్లు నిలుస్తాయి. బయటి పెయింట్ మెరుస్తూ ఉండగానే లోపలి నుంచి రేకు పోతుంది.

ఇనుము తుప్పు పడితే అక్కడితో ఆగదు. అల్యూమినియం మీద ఏర్పడే పొర గట్టిగా అంటుకుని కిందున్న లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు, అది ఉబ్బి, పాత సున్నంలా పెళ్లలు పెళ్లలుగా ఊడి, కింద కొత్త ఇనుమును గాలికీ తేమకూ చూపిస్తుంది. ఉబ్బడంలో ఎంత బలం ఉంటుందంటే, రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అతుకుల్లో చేరిందంటే వాటిని విడదీసేస్తుంది. 1948లో వచ్చిన ల్యాండ్ రోవర్‌కి యుద్ధం తర్వాత ఉక్కు కొరత వల్ల అల్యూమినియం మిశ్రమంతో బాడీ చేశారు. అందుకే పొలాల్లో వదిలేసిన పాత ల్యాండ్ రోవర్లు బాడీ నిక్షేపంలా ఉండి, కింద ఉక్కు చట్రం (చాసిస్) మాత్రం చేతికి ఊడొస్తుంది. జింకు పూత పూసిన బాడీలు పోర్షా 911కి 1976 మోడల్‌తో, ఆడీ 100కి 1985లో వచ్చాయి. అంతకుముందు కార్లలో ఎక్కువ భాగానికి రక్షణంటే పెయింటే. మనం క్లాసిక్ అని ముద్దుగా పిలిచే కార్లు దాదాపు అన్నీ ఆ కాలానివే.

మూసిపెడితే భద్రంగా ఉంటుందనుకుంటారు చాలామంది. అమెరికాలో టల్సా అనే ఊళ్లో 1957లో ఒక కొత్త ప్లిమత్ బెల్వెడేర్‌ని, ఏభై ఏళ్ల తర్వాత తీద్దామని, కాంక్రీట్ గదిలో పెట్టి నేలలో పూడ్చారు. తుప్పు పట్టకుండా పూతలు పూసి, కవర్లలో చుట్టారు. భవిష్యత్తులో పెట్రోల్ దొరకదేమోనని పెట్రోల్ కూడా పెట్టారు. 2007లో ఆ ఊరి జనాభా ఎంతుంటుందో దగ్గరగా చెప్పినవాళ్లకే ఆ కారు అని పందెం. 2007 జూన్‌లో తెరిచి చూస్తే గదిలోకి నీళ్లు చేరి ఉన్నాయి. కారు తుప్పు ముద్ద. ఇంత ప్రేమగా దాచిన బండి ఇంకోటి ఉండదు. అయినా తడి లోపల చేరాక, అది ఆరే దారి లేకపోయింది. కారు మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టేవాళ్లు ఈ కథ తెలుసుకోవాలి. గాలి ఆడని పట్టా కింద చేరిన తేమకు బయటికి దారుండదు.

ఇంకో కథ దీనికి సరిగ్గా ఎదురు. ఫ్రాన్స్‌లో రోజే బయోన్ అనే లారీల వ్యాపారి 1950ల నుంచి పాత గొప్ప కార్లన్నీ కూడబెట్టాడు, మ్యూజియం పెట్టాలని. వ్యాపారం దెబ్బతిని కొన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. మిగిలినవి ఇంటి ఆవరణలో రేకుల షెడ్ల కింద పడి ఉన్నాయి. 2014లో బయటపడ్డాయి. మరుసటి ఏడు ప్యారిస్‌లో వేలం వేశారు. అందులో పాత పత్రికల కట్టల కింద గ్యారేజీలో ఉన్న 1961 ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ కోటీ అరవై లక్షల యూరోల పైచిలుకు పలికింది. వార్తల్లో అంతా ఆ అంకె గురించే. నాకు మాత్రం ఆ షెడ్ల ఫోటోలే కళ్లలో మెదులుతాయి. నాలుగు గోడల మధ్య ఉన్న ఫెరారీ దాదాపు చెక్కుచెదరలేదు. పక్కలు తెరిచి ఉన్న షెడ్లలో, అదే మనిషి అంతే ఇష్టంతో కొన్న కార్లు ఎన్నో కుళ్లిపోయాయి. తేడా గోడల దగ్గరే వచ్చింది.

అయితే పాడైన ప్రతి కారునీ కొత్తదానిలా చేసేయాలా? అలా అనుకోను. ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరే సరస్సులో 1936లో ముంచేసిన 1925 నాటి బుగాటీ బ్రెషియా కారుని 2009లో పైకి తీశారు. ఒక పక్క బురదలో కూరుకుపోయి కాస్త మిగిలింది, రెండో పక్క నీళ్లు తినేశాయి. వేలంలో 2,60,500 యూరోలకు కొన్న మ్యూజియం దాన్ని బాగు చేయలేదు. ఉన్నదున్నట్టుగా ప్రదర్శనకు పెట్టింది. అది సరైన పనే. ఆ కారు కథంతా ఆ తుప్పులోనే ఉంది, అది గీకేస్తే మిగిలేది మరో మెరిసే బుగాటీ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వైట్ అనే చోట ఓల్డ్ కార్ సిటీ ఉంది. 34 ఎకరాల్లో నాలుగు వేలకు పైగా కార్లు, మధ్యలోంచి చెట్లు. అక్కడ కూడా తుక్కుకి వేయకుండా, చూడ్డానికి ఉంచాలని యజమాని తెలిసే నిర్ణయించుకున్నారు. ఎవరో ఒకరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాబట్టి నాకు బాధ లేదు. నాకు బాధ కలిగించేది ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం. అమ్మరు, బాగు చేయించరు, ఇంకొకరికి ఇవ్వరు, తుక్కుకీ వేయరు. ఈలోగా ఫ్లోర్ పోతుంది.

బీటిల్ విషయంలో ఇంకో సంగతి ఉంది. ప్రపంచం మొత్తం మీద రెండు కోట్ల పదిహేను లక్షలకు పైగా తయారయ్యాయి. ఆఖరిది 2003 జూలైలో మెక్సికోలో ప్యూబ్లా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. అన్ని ఉన్నాయి కదా, ఒకటి పోతే ఏమవుతుందని అనిపిస్తుంది. నాకు అది తలకిందుల వాదనగా కనిపిస్తుంది. అన్ని ఉన్నాయి కాబట్టే కేబుల్ దగ్గర్నుంచి ఫ్లోర్ రేకు దాకా దీనికి ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. చాలా పాత కార్లకు ఆ అదృష్టం లేదు, ప్రతి ముక్కా చేతితో చేయించుకోవాల్సిందే. ఇంత సులువుగా బతికించగలిగే బండిని వదిలేయడం నాకు మింగుడు పడదు.

సాయంత్రం పాత కార్లు బాగు చేసే మిత్రుడికి ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని వాడు మొదట అన్నమాట, "ఎవరినీ తాళం తిప్పనివ్వకు." ఏళ్ల తరబడి నిలబడిన ఇంజిన్‌ని బ్యాటరీ పెట్టి తిప్పితే పట్టేసిన రింగులు విరిగి, సిలిండర్ గీసుకుపోతుందట. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. పాత పెట్రోల్ మొత్తం తీసేయాలి. బ్రేకులు చేసేదాకా కదిలించకూడదు. "అదంతా తర్వాత. ముందు లోపలి కార్పెట్లు పీకి పారేయమను. నీళ్లు పట్టుకుని ఉండేవి అవే. మట్టి మీది నుంచి ఎత్తి ఇటుకల మీద పెట్టమను" అన్నాడు.

ఇదంతా ఇంటాయనకు మెసేజ్ పెట్టాను. బాగు చేయించే తీరిక లేకపోతే, చేయించుకునే మనిషిని నేను వెతుకుతానని కూడా రాశాను. రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. వాళ్ల నాన్నగారి బండి కదా. అయినా ఫ్లోర్ పోయిన సంగతి చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

గంట తర్వాత జవాబొచ్చింది. ఇవ్వడం గురించి ఇంట్లో మాట్లాడాలట, ఇప్పుడే చెప్పలేనన్నారు. కార్పెట్లు మాత్రం సాయంత్రమే తీసేశారట, చెట్టు కింద నుంచి జరపాలంటే నలుగురు మనుషులు కావాలి, వచ్చే ఆదివారం వీలవుతుందా అని అడిగారు. వస్తానని చెప్పాను. మిత్రుడు కూడా జాకీలు తీసుకుని వస్తానన్నాడు. ఇంకో ఇద్దరిని చూడాలి.