నీళ్లు ఎక్కుతాయి సరే, దిగాలి కదా

మట్టి లేకుండా పోషకాల నీళ్లతోనే (హైడ్రోపోనిక్స్) మొక్కలు పెంచుతున్నాను. మూడో వారంలో ట్రే మూలనున్న నాలుగు పాలకూర మొక్కలు వాడిపోయాయి. మిగతావన్నీ నవనవలాడుతున్నాయి. ఆ మూలకి నీళ్లు సరిగా అందట్లేదేమో అనుకుని టైమర్‌లో ఇంకో విడత కలిపాను. మర్నాటికి ఇంకా తలలు వాల్చేశాయి. మట్టికి బదులు ట్రేలో నింపిన క్లే బాల్స్ (కాల్చిన మట్టి గోళీలు) పక్కకి తోసి చెయ్యి పెట్టి చూస్తే, అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు నిలిచి ఉన్నాయి. వేర్లు గోధుమ రంగుకి తిరిగి, ముట్టుకుంటే తోలు ఊడొస్తోంది. పైగా మురుగు వాసన. దాహమని నేను అనుకున్నది నిజానికి ఊపిరాడకపోవడం.

నా సెటప్ పెద్దదేం కాదు. పైన 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు ఉన్న ప్లాస్టిక్ టబ్ (అదే ట్రే), దాని కింద మూత ఉన్న 40 లీటర్ల నల్ల టబ్, అందులో మునిగి ఉండే చిన్న పంపు, దానికో టైమర్. పంపు ఆన్ అయితే పోషకాలు కలిపిన నీళ్లు పైకెక్కి వేర్లని ముంచుతాయి. ఆఫ్ అయితే ఎక్కిన పైపులోంచే, పంపు గుండానే కిందికి దిగిపోతాయి. నీళ్లు దిగుతున్న కొద్దీ ఆ ఖాళీల్లోకి కొత్త గాలి చొరబడుతుంది. వేర్లకి అసలు భోజనం ఎంత ముఖ్యమో ఈ గాలీ అంతే ముఖ్యం. నేనేమో మొదట్నుంచీ ఎక్కించడం గురించే ఆలోచించాను.

మొదటి రోజే దెబ్బ తగిలింది. నీళ్లు ఎక్కే పైపూ అరంగుళమే, ఎక్కువైతే పోయే ఓవర్‌ఫ్లో పైపూ అరంగుళమే పెట్టాను. పంపు నీళ్లని బలంగా తోస్తుంది. ఓవర్‌ఫ్లోలో మాత్రం అవి తమంతట తాము జారిపోవాలి. రెండూ ఒకే సైజైతే పోటీలో గెలిచేది పంపే. పది నిమిషాల్లో గదంతా నీళ్లు. అమ్మ గుమ్మంలో నిలబడి, "మొక్కలకా, గదికా?" అంది. ఓవర్‌ఫ్లోని అంగుళానికి మార్చాక మళ్లీ పొర్లలేదు. దాని ఎత్తుని క్లే బాల్స్ పై మట్టానికి అంగుళం కిందే ఆపాను. పైపొర పొడిగా ఉంటే పాచి పట్టదు.

పంపు కొనేటప్పుడు డబ్బా మీద గంటకి 1000 లీటర్లని చూసి మురిసిపోయాను. అది ఎత్తు లేనప్పటి లెక్క. నా టబ్ ఎత్తులో పైపు పట్టుకుని బకెట్ నింపి చూస్తే, 10 లీటర్లకి నిమిషం పట్టింది. అంటే గంటకి 600. నాకు అదే ఎక్కువ. బాల్స్ పోగా ట్రేలో పట్టేది 18 లీటర్ల లోపే.

మూలన నీళ్లు నిలవడానికి కారణం రెండు తప్పులు. ఒకటి, టబ్ అడుగు చదునుగా లేదు, పైపు బిగించిన చోటు కాస్త ఎత్తుగా ఉంది. అవతలి చివర కింద రెండు టైల్ ముక్కలు పెట్టి సెంటీమీటర్ లేపాను. రెండోది, క్లే బాల్స్‌ని నేను ఒక్కసారే కడిగాను. వాటి ఎర్ర పొడి దిగి పంపు మూతికి ఉండే స్పాంజిని మూసేసింది. ఆరు నిమిషాల్లో దిగాల్సిన నీళ్లకి అరగంట పడుతోంది! నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలని అప్పుడు అర్థమైంది. నాలుగైదుసార్లు పడుతుంది, నడుం పట్టేస్తుంది.

మిగతాది త్వరగా దారిలో పడింది. పంపు పగలు నాలుగుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాలు, రాత్రి అసలు లేదు. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5కీ 6.5కీ మధ్య. తగ్గిన నీళ్లకి మామూలు నీళ్లే కలుపుతాను, రెండు వారాలకోసారి మొత్తం మారుస్తాను. ఏ, బీ అని రెండు సీసాల్లో వచ్చే పోషకాల మందులు రెండూ ఒక మగ్గులో కలిపితే విరిగిన పాలలా తెల్లగా అయిపోయాయి. కాల్షియం వెళ్లి సల్ఫేట్లతో, ఫాస్ఫేట్లతో గడ్డకట్టింది. ఒకటి టబ్ నీళ్లలో బాగా కలిశాకే రెండోది పొయ్యాలి. అన్నట్టు, పంపు వైరుని ప్లగ్ కంటే కిందికి వేలాడనివ్వండి. వైరు వెంట జారిన చుక్క ప్లగ్‌లోకి పోకుండా ఆ వంపులోంచి నేల మీద పడుతుంది.

ఇప్పుడు పంపు ఆగగానే చెవి అటే పోతుంది. ఆరో నిమిషానికి పైపు చివర్లో గుర్రుమని గాలి పీల్చిన చప్పుడు రావాలి. నిన్న తొమ్మిది నిమిషాలైనా రాలేదు. బాల్స్ తీసి చూస్తే పుదీనా మొక్క వేరు ఒకటి పైపు మూతి మీది జల్లెడలోంచి పైపులోకి జానెడు దిగి ఉంది. కత్తెర తెచ్చాను.