నిమిషానికి ఎన్ని అన్నది తర్వాతి సంగతి

సెలవుకి విశాఖ వచ్చినప్పుడల్లా పరవాడ ఫార్మాసిటీలో చేసే తమ్ముళ్లు ముందుగా అడిగేది ఇదే: "అన్నయ్యా, అమెరికాలో మీ ఫిల్లింగ్ మెషీన్ నిమిషానికి ఎన్ని నింపుతాది?"

ఇంజెక్షన్ ప్లాంటులో ఆ లెక్క సరైనదే. ఒకే మందు, పెద్ద బ్యాచ్. నేను చేసే హాస్పిటల్ ఫార్మసీలో పొద్దున ఫెంటానిల్ సిరంజీలు నింపితే మధ్యాహ్నం ఫినైలెఫ్రిన్. అందుకే మెషీన్ కొనేటప్పుడు, మందు మారినప్పుడు ట్యూబులు ఎంతసేపట్లో మార్చగలం, పాత మందు చుక్క నిలిచిపోయే చోటు ఎక్కడైనా ఉందా అని ముందు చూస్తాం. మెషీన్ అమ్మే కంపెనీవాళ్లను పిలవకముందే మాకేం కావాలో యూఆర్‌ఎస్‌లో, అంటే మా అవసరాల పత్రంలో, రాసి పెట్టుకుంటాం. లేకపోతే వాళ్లు చూపించిందే మనకి కావాల్సింది అనిపిస్తుంది.

మెషీన్ సరిగ్గా పనిచేస్తోందని వాళ్లిచ్చే వ్యాలిడేషన్ సర్టిఫికెట్ చూసి సంతకం పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు. ఖాళీ సిరంజీని తూచి, నింపాక మళ్లీ తూచి, తేడాని ఆ ద్రావణం సాంద్రతతో భాగిస్తే ఎన్ని ఎం.ఎల్. పడిందో తెలుస్తుంది. నీళ్లతో చక్కగా వచ్చిన కొలత చిక్కటి డెక్స్‌ట్రోజ్‌తో తప్పొచ్చు. ట్యూబులో చిన్న గాలిబుడగ ఉన్నా డోసు తగ్గిపోతుంది. అవతల ఉన్నది పసిబిడ్డ అయితే ఆ కాస్త తేడాయే చాలా ఎక్కువ.

ఆ తర్వాత మీడియా ఫిల్. మందు బదులు సూక్ష్మజీవులు పెరిగే ద్రావణం నింపి, రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, ఒక్కోదాంట్లో కనీసం 7 రోజుల చొప్పున ఉంచుతాం. మసకబారిందంటే ఫెయిల్. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ (మందులు కలిపి తయారుచేసే చోటు) ఇంజెక్షన్లలో ఫంగస్ చేరి 60 మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ పరీక్షని తూతూమంత్రంగా చేయలేరు.

మా హాస్పిటల్ ఫార్మసిస్టులకి రోగి గురించి, డోసు గురించి బాగా తెలుసు. పరీక్ష ఎలా చేయాలో ప్రోటోకాల్ రాయడం, ప్రతి రీడింగూ అప్పటికప్పుడే నమోదు చేయడం మాత్రం ప్లాంటులో పనిచేసిన నాకే చేతికి అలవాటు. పరవాడలో సీనియర్లు తిట్టి నేర్పిన పని అది.

బయటికి వెళ్లాలనుకునే తమ్ముళ్లకి ఇంకో మాట. డెమోకి మీ సిరంజీలు, మీ మూతలు, మీ లేబుళ్లే పట్టుకెళ్లండి. కొరత వచ్చినప్పుడు వేరే కంపెనీ సిరంజీ వస్తుంది, దాని కొలతలు కాస్త తేడాగా ఉంటాయి. మెషీన్ దాన్ని పట్టుకుంటుందో లేదో కొనకముందే చూడండి. పట్టుకున్నా సరే, పీక్యూ, అంటే మన సామానుతో మెషీన్ సరిగ్గా పనిచేస్తోందని తేల్చే పరీక్ష, మళ్లీ చేయాల్సిందే.