రెండో నెల ధైర్యాన్ని నమ్మొద్దు

టీబీ మందులు మొదలయ్యాక, రెండో నెల వచ్చేసరికి ఒక ధైర్యం పుట్టుకొస్తుంది. జ్వరం పోతుంది, రాత్రి చెమటలు ఆగుతాయి, అన్నం సయిస్తుంది. ఇక ఈ బిళ్లలెందుకు అనిపిస్తుంది. అదే ఊపులో ఈ ఉద్యోగం మాత్రం ఎందుకు, రేపే రాజీనామా పడేసి నచ్చింది చేద్దామనీ అనిపిస్తుంది. అమీర్‌పేటలో లెక్కలు రాసుకుంటూ లా చదవాలన్న కోరికను ఏళ్లుగా మోస్తున్నదాన్ని కాబట్టి, ఈ రెండో తొందర నాకు కొత్త కాదు. ఒంట్లో బాగుండడం ముందొస్తుంది, క్రిములు చావడం తర్వాత. చిక్కంతా అక్కడే.

మామూలు మందులకు లొంగే టీబీకి ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. అన్నీ కలిపిన బిళ్లలే ఇస్తారు. ఎన్ని వేసుకోవాలో బరువు చెబుతుంది. 35 నుంచి 49 కిలోలైతే రోజుకు మూడు, 50 నుంచి 64 అయితే నాలుగు. ఆకలి తిరిగొచ్చి బరువు పెరిగితే ఈ లెక్కా మారొచ్చు, అందుకే ప్రతి నెలా తూకం. పరగడుపున, అన్నీ ఒకేసారి మింగాలి. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు మొండికేస్తాయి. అప్పుడు వైద్యం ఇంకా కష్టం, ఒక్కోసారి ఇంకా పొడవు.

మూత్రం నారింజ రంగులో వస్తే రిఫాంపిసిన్ పని అది, కంగారు పడక్కర్లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం టీ డికాక్షన్‌లా ముదురుగా వచ్చినా మాత్రం కాలేయం దెబ్బతింటోందేమోనని అదే రోజు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. సిగ్నల్ దగ్గర ఎరుపు, పచ్చ తేడా మసకబారితే అది ఇథాంబ్యుటాల్ చేసే పని, దాన్నీ దాచొద్దు. అరికాళ్లు తిమ్మిరెక్కకుండా ఐసోనియాజిడ్‌తోపాటు పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్, ఇస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, రిఫాంపిసిన్ వాటి పట్టు తగ్గించేస్తుంది. సిగ్గుపడి చెప్పనివాళ్లే ఎక్కువ.

బిళ్లల కోసం అందరూ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికే పోనక్కర్లేదు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కితే ఇంటి దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇస్తారు. ప్రైవేటులో చూపించుకున్నా పేరు ఎక్కించుకోవాల్సిందే. పోషణకు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఖాతా వివరాలు తప్పుంటే ఆ డబ్బు ఎక్కడో చిక్కుకుపోతుంది, ముందే సరిచూసుకోండి.

ఇక రాజీనామా. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కడుతున్నవాళ్లు వైద్యం మధ్యలో ఉద్యోగం వదిలితే తమ డబ్బు తామే కాలదన్నుకున్నట్టే. టీబీ ఈఎస్‌ఐ వాళ్ల దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. రెండేళ్ల ఉద్యోగం, చందా షరతులు తీరి, ఈఎస్‌ఐ డాక్టరు పనికి పోలేరని రాసిస్తే, సగటు వేతనంలో 80 శాతం వస్తుంది. ఆఫీసులో జబ్బు పేరు చెబితే ఎలా చూస్తారోనని మూగగా రాజీనామా ఇచ్చేవాళ్లున్నారు. ఆ బిడియం ఖరీదు చాలా ఎక్కువ. ఈఎస్‌ఐ పరిధిలో లేనివాళ్లు కంపెనీ ఆరోగ్య బీమా చివరి పనిదినంతోనే ఆగిపోతుందా, వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని హెచ్‌ఆర్‌ను అడిగాకే కాగితం ఇవ్వాలి.

కోరికను అలాగని అటకెక్కించనక్కర్లేదు. లా కాలేజీలో సీటుకు రాసే ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగటివ్ మార్కుల్లేవు. అందులో 60 ప్రశ్నలు చట్టం చదివేందుకు మనకున్న సామర్థ్యం మీదే. మంచం మీద పడుకుని అరగంట అరగంటగా చదువుకోదగ్గ పరీక్ష ఇది. తెమడ పరీక్షలో క్రిమి లేదని తేలి డాక్టరు సరేనన్నాక చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లొచ్చు. కుర్చీ కోసం పొద్దున్నే లైను కట్టాలి, ఆ నిలబడే ఓపిక ఉందో లేదో ముందు చూసుకోండి.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చాలామంది బోర్లా పడేది హాజరు దగ్గర. బార్ కౌన్సిల్ నిబంధన 70 శాతం. పగటి ఉద్యోగం చేస్తూ పేరుకు చేరితే పరీక్ష రాయనివ్వకపోవచ్చు. అందుకే ఉద్యోగం మానాల్సిన సమయం క్లాసులు మొదలయ్యే నెల, మందుల రెండో నెల కాదు. చేతిలో ఏడాది ఖర్చుండాలి, ఫీజు విడిగా ఉండాలి. చివర్లో అడ్వకేటుగా నమోదు రుసుము జనరల్‌కు 750 రూపాయలు దాటకూడదని సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది, ఒక భారం తగ్గినట్టే.

ఆరో నెల చివర మళ్లీ తెమడ పరీక్ష. నయమైందని రాసిచ్చాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. కాలేజీ టైంటేబుల్ చేతికి రాగానే ఆ తారీఖులు కూడా అందులోనే రాసి పెట్టుకుంటే, హాజరు తగ్గకుండా సెలవు ఎప్పుడు పెట్టాలో ముందే తెలుస్తుంది.